కుండ కోసం కొట్లాట: బీన్‌పాట్ మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో ఒకరు అమెరికా కాలేజీ ఆటల గురించి అడిగితే ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ కబుర్లు చెప్పి, చివర్లో ఒక్క ముక్క తగిలించాను: నాకు మాత్రం బాస్టన్‌లో ఫిబ్రవరిలో జరిగే బీన్‌పాట్ ఐస్ హాకీ అంటేనే ఇష్టం అని. ఆ ఒక్క ముక్కకి వచ్చినన్ని ఉత్తరాలు మిగతా పేజీకి రాలేదు. సరే, ఈసారి పేజీ అంతా దానికే. నేను ఆ పోటీని స్టేడియంలో కూర్చుని చూసింది రెండే సార్లు, మా అమ్మాయి అక్కడ చదివేటప్పుడు. కాబట్టి నన్ను నిపుణుడిని అనుకోకండి, పిచ్చి పట్టినవాణ్ణి అనుకోండి చాలు.

మా అబ్బాయి బాస్టన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. సోమవారం రాత్రి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. మర్నాడు అడిగితే బీన్‌పాట్‌కి వెళ్ళానమ్మా అన్నాడు. నేను వంటల పోటీ అనుకున్నాను. అసలదేమిటి?
— ఒక తల్లి, నరసరావుపేట

మీరు అనుకున్నది పూర్తిగా తప్పేం కాదమ్మా. పేరు వంటింట్లోంచే వచ్చింది. బాస్టన్‌కి బీన్‌టౌన్ అని ముద్దుపేరు. పాతకాలంలో అక్కడివాళ్ళు చిన్న తెల్ల చిక్కుడు గింజల్ని రాత్రంతా నానబెట్టి, మొలాసిస్, అంటే మన బెల్లప్పాకం లాంటి నల్లటి చెరకు పాకం పోసి, మట్టి కుండలో గంటల తరబడి సన్నసెగ మీద ఉడికించేవారు. మనం ఉలవచారు కాచినట్టే, తొందరపడితే కుదరని వంట. ఆ కుండే బీన్‌పాట్. గెలిచిన కాలేజీకి ఇచ్చే ట్రోఫీ కూడా ఆ కుండ ఆకారంలోనే ఉంటుంది. ఇంకో మాట, మీ అబ్బాయి శాకాహారి అయితే ఆ బీన్స్ అక్కడ తినేముందు అడిగి తినమనండి, అసలైన పద్ధతిలో చేస్తే అందులో ఉప్పు పట్టించిన పందిమాంసం వేస్తారు.

ఇక పోటీ సంగతి. బాస్టన్ యూనివర్సిటీ, బాస్టన్ కాలేజీ, హార్వర్డ్, నార్త్‌ఈస్టర్న్, ఈ నాలుగే ఆడతాయి. ఐదో జట్టు ఇంతవరకూ లేదు, రానివ్వరు కూడా. ఫిబ్రవరిలో మొదటి రెండు సోమవారాలు. మొదటి సోమవారం రెండు సెమీఫైనళ్ళు, రెండో సోమవారం ముందు ఓడినవాళ్ళిద్దరికీ మూడో స్థానం కోసం ఒక ఆట, ఆ తర్వాత ఫైనల్. మీ అబ్బాయి ఫోన్ ఎత్తకపోవడానికి కారణం స్టేడియంలో చప్పుడు. ఒక్కో కాలేజీ సొంత బ్యాండు మేళంతో దిగుతుంది, అవతలి గోల్‌కీపర్ గోల్ వదిలితే చాలు వేలమంది పిల్లలు వేలు చూపించి "జల్లెడ, జల్లెడ" అని ఇంగ్లిష్‌లో అరుస్తారు. పక్కవాడు చెవిలో చెప్పింది వినపడదు, ఫోనెక్కడ వినపడుతుంది.

36 ఏళ్ళు పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. నాకు అర్థం కానిది ఒకటే. సీజన్ మధ్యలో, లీగ్ నడుస్తుండగా, విడిగా ఇంకో టోర్నమెంట్ ఎందుకు? దాని పాయింట్లు లెక్కలోకి వస్తాయా? పైగా సోమవారం ఏమిటి?
— ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు, హనుమకొండ

మాస్టారూ, అసలు ప్రశ్న మీదే. అమెరికా కాలేజీ హాకీ అక్టోబరులో మొదలై ఏప్రిల్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్‌తో ముగుస్తుంది. మామూలు లీగ్ ఆటలు ఎక్కువగా శుక్ర, శనివారాల్లో ఉంటాయి. అంటే సోమవారం ఖాళీ. మొదలుపెట్టిందీ ఖాళీ నింపడానికే. 1952లో క్రిస్మస్ మర్నాడు, ఆ పైరోజు, అంటే డిసెంబరు 26, 27 తేదీల్లో, బాస్టన్ అరీనా అనే పాత మంచు మైదానంలో తొలి పోటీ పెట్టారు. సెలవుల్లో హాలు ఊరికే పడి ఉండటమెందుకు అన్నదే ఆలోచన, ఇంత పండగ అవుతుందని అప్పుడెవరూ అనుకోలేదు. హార్వర్డ్ ఫైనల్లో బాస్టన్ యూనివర్సిటీని 7-4తో ఓడించింది. మరుసటి పోటీ 1954 జనవరిలో, బాస్టన్ గార్డెన్ అనే స్టేడియంలో. ఆ తర్వాత ఫిబ్రవరి సోమవారాలకి స్థిరపడిపోయింది.

పాయింట్ల విషయం వింటే మీకు నవ్వొస్తుంది. నాలుగింట్లో హార్వర్డ్ ఒక లీగ్‌లో, మిగతా మూడూ హాకీ ఈస్ట్ అనే ఇంకో లీగ్‌లో ఉన్నాయి. బాస్టన్ యూనివర్సిటీ, బాస్టన్ కాలేజీ ఒకే లీగ్‌వి అయినా, బీన్‌పాట్‌లో తలపడితే ఆ ఫలితం లీగ్ పట్టికలో చేరదు. జాతీయ ర్యాంకింగ్‌కి లెక్కే, అదీ ఒక ఆట విలువే. 2023 ఫైనల్లో నార్త్‌ఈస్టర్న్, హార్వర్డ్ 2-2 దగ్గర ఆగిపోతే షూటౌట్‌లో, అంటే ఒక్కొక్కడే వెళ్ళి గోలీ మీద కొట్టే పోటీలో, నార్త్‌ఈస్టర్న్ గెలిచి కుండ ఎత్తుకుపోయింది, జాతీయ లెక్కల్లో మాత్రం ఆ ఆట టై! కుండ చేతిలో ఉంది, రికార్డులో గెలుపు లేదు.

మరి ఎందుకంత వెర్రి అంటే, పక్కూరివాళ్ళు కాబట్టి. సంక్రాంతికి పక్కూరితో కబడ్డీ ఆడి ఓడితే జిల్లాలో మన స్థానం ఎంతో ఎవడిక్కావాలి, ఉగాది దాకా సంతలో తలెత్తుకోలేం, అంతే కదా. బాస్టన్ యూనివర్సిటీ, బాస్టన్ కాలేజీ రెండూ ఒకే కామన్‌వెల్త్ అవెన్యూ మీద, ఒకే ట్రామ్ లైను మీద ఉన్నాయి, ఆ లైను చివరి స్టేషన్ పేరే బాస్టన్ కాలేజీ. ఒకరి మీద ఒకరు అరుచుకునే నినాదాలు ఇక్కడ రాయలేను, మా ఎడిటర్ గారు ఒప్పుకోరు. నార్త్‌ఈస్టర్న్ ఊరి నడిబొడ్డున, హార్వర్డ్ నది అవతల. ఓడినవాడు రాత్రి అదే రైలెక్కి, గెలిచినవాడి పక్కనే కడ్డీ పట్టుకుని ఇంటికి పోవాలి.

నేను నార్త్‌ఈస్టర్న్‌లో చేరి ఆరు నెలలైంది. రూమ్మేట్ ఫైనల్ టికెట్ ఇచ్చాడు. హాకీ అంటే నాకు మన గడ్డి హాకీయే తెలుసు. వెళ్తే బోర్ కొడుతుందా? ఏం చూడాలి?
— ఒక విద్యార్థి, బాస్టన్ (సొంతూరు ఖమ్మం)

వెళ్ళు బాబూ, ఆలోచించకు. ముందు స్వెటర్ వేసుకుని వెళ్ళు. బయట మంచు కాబట్టి లోపల వెచ్చగా ఉంటుందనుకుని పల్చటి చొక్కాతో పోయి మొదటిసారి నేను గజగజా వణికాను, కింద పరిచింది నిజం ఐసు అన్న సంగతి మర్చిపోయి.

20 నిమిషాల పీరియడ్లు మూడు. ఒక్కో వైపు గోలీతో కలిపి ఆరుగురు. మైదానం పొడవు 200 అడుగులు, వెడల్పు 85. ఆడేది బంతితో కాదు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గట్టి నల్ల రబ్బరు బిళ్ళతో. దాన్ని పక్ అంటారు, బరువు 170 గ్రాముల దాకా. మొదటి పది నిమిషాలు నీకు పక్ కనపడదు. కంగారు పడకు, నాకూ కనపడలేదు. పక్‌ని వెతకడం మానేసి ఆటగాళ్ళ భుజాలు ఎటు తిరిగాయో చూడు, పక్ అక్కడే ఉంటుంది.

రూల్ ఒక్కటి తెలిస్తే చాలు. అడ్డంగా రెండు నీలం గీతలుంటాయి, అవతలివాళ్ళ నీలం గీత దాటేటప్పుడు ముందు పక్ వెళ్ళాలి, ఆ తర్వాతే మనిషి. మనిషి ముందు దూరితే ఆఫ్‌సైడ్, ఈల. తప్పు చేసినవాడు రెండు నిమిషాలు గాజు గదిలో కూర్చుంటాడు, అప్పుడు వాడి జట్టు ఒకడు తక్కువతో ఆడాలి. స్టేడియం మొత్తం నిలబడేది ఆ రెండు నిమిషాలే. ఇంకోటి గమనించు, ఆట ఆపకుండానే మనుషులు గోడ దూకి లోపలికీ బయటికీ మారిపోతుంటారు. ఒక్కొక్కడు ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి ఆడి వచ్చి కూలబడతాడు. అంత వేగంలో అంతకన్నా ఎక్కువ ఎవడివల్లా కాదు.

టీవీలో చూసిన ప్రొఫెషనల్ హాకీలోలా పిడిగుద్దులు ఉంటాయనుకోకు. కాలేజీల్లో కొట్టుకుంటే ఆటలోంచి వెళ్ళగొట్టడమే కాదు, తర్వాతి ఆటకి కూడా నిషేధం. ముఖానికి పూర్తి జాలీ తప్పనిసరి. డ్యాష్ ఇవ్వడం మాత్రం రూల్‌లో ఉంది, గాజు పలక పక్కన సీటొస్తే ఆ చప్పుడుకి గుండె జారుతుంది.

మీ కాలేజీ చరిత్ర కూడా కాస్త తెలుసుకుని వెళ్ళు. నార్త్‌ఈస్టర్న్ తొలి కుండ కోసం 1980 దాకా ఆగింది. వేన్ టర్నర్ అనే కుర్రాడు ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టి బాస్టన్ కాలేజీని 5-4తో పడగొట్టాడు. తర్వాత 1984, 1985, 1988. ఆ పైన 30 ఏళ్ళు శూన్యం. తండ్రి చదివేటప్పుడు చూసిన కప్పు కొడుకు చదివేటప్పటికి కథ అయిపోయింది. 2018లో ఆడమ్ గోడెట్ మూడు గోల్స్ కొట్టి 5-2తో బాస్టన్ యూనివర్సిటీని ఓడించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పైవరసల్లో నెరిసిన జుట్టు పెద్దమనుషులు చిన్నపిల్లల్లా ఏడ్చారు. నాకేం సంబంధం చెప్పు, నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి. అక్కణ్ణుంచి మీవాళ్ళని పట్టడం కష్టమైంది. 2019, 2020 వరసగా, మళ్ళీ 2023, 2024. వాటిలో 2020ది చెప్పుకోవాలి. ఆట అయిపోయిందనుకుని అందరూ లేచి నిలబడ్డాక, గడియారంలో 1.2 సెకన్లు ఉండగా బాస్టన్ యూనివర్సిటీ కుర్రాడు ట్రెవర్ జెగ్రస్ గోల్ కొట్టి సమం చేశాడు. పాపం, లాభం లేకపోయింది. రెండో ఓవర్‌టైమ్‌లో జోర్డన్ హారిస్ కొట్టిన గోల్‌తో మీవాళ్ళే 5-4తో గెలిచారు.

మా అమ్మాయి ఫిబ్రవరిలో రాత్రిపూట ఆ ఆటకి వెళ్తానంటోంది. ఒకసారి మంచు తుఫాను వచ్చి జనం స్టేడియంలోనే చిక్కుకుపోయారని ఎక్కడో చదివాను. నిజమేనా? మాకు ఒకటే టెన్షన్.
— ఒక తండ్రి, విజయవాడ

నిజమే సార్. 1978 ఫిబ్రవరి 6, సోమవారం. సెమీఫైనళ్ళ రోజు. జనం వచ్చేటప్పటికే మంచు దంచుతోంది. ఇళ్ళకి వెళ్ళిపోండని మైకులో చెబుతున్నా కొందరు కదల్లేదు, ఎందుకంటే ఎదురుగా బాస్టన్ యూనివర్సిటీ, బాస్టన్ కాలేజీ ఆడుతున్నాయి. 12-5తో యూనివర్సిటీ గెలిచి ఆట ముగిసేసరికి బయటికి దారి లేదు. బాస్టన్‌లో ఆ తుఫాను మొత్తం 27 అంగుళాల మంచు పోసింది. ఊరి చుట్టూ తిరిగే 128 నంబరు రోడ్డు మీద వేల కార్లు ఎక్కడివక్కడ మంచులో కూరుకుపోయాయి. గవర్నర్ మైకేల్ డుకాకిస్ కార్లు బయటికి తీయకూడదని ఆర్డరేశాడు. కొన్ని వందలమంది గార్డెన్‌లోనే ఉండిపోయి, బెంచీల మీద పడుకుని, స్టాళ్ళలో మిగిలిన హాట్‌డాగ్‌లు తిని రోజులు వెళ్ళదీశారు. ఫైనల్ మార్చి 1న గానీ కుదరలేదు, యూనివర్సిటీయే గెలిచింది.

అయితే మీరు కంగారు పడాల్సిన పని లేదు. ఆ పాత గార్డెన్ 1995లో మూతపడింది, ఇప్పుడు ఆడేది టీడీ గార్డెన్‌లో. అది సరిగ్గా నార్త్ స్టేషన్ నెత్తిమీద ఉంటుంది. ఆట అయ్యాక మెట్లు దిగితే కిందే రైలు, రోడ్డు మీద నడిచే పనే తక్కువ. తుఫాను సంగతి ఇప్పుడు నాలుగు రోజుల ముందే తెలుస్తుంది. ఒంటరిగా కాకుండా స్నేహితులతో వెళ్ళమనండి, ఫోన్ ఫుల్ ఛార్జింగ్ పెట్టుకోమనండి. ఎత్తుతుందన్న గ్యారంటీ మాత్రం నేనివ్వలేను, పైన నరసరావుపేట అమ్మ ఉత్తరం చూశారుగా.

హార్వర్డ్ అంటే ప్రపంచంలోనే పేరున్న యూనివర్సిటీ. డబ్బుకి కొదవ లేదు. మరి ఈ ఆటలో ఎందుకు వెనకబడింది? ఎవరెన్ని గెలిచారు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

2025 దాకా లెక్క చెప్తాను. బాస్టన్ యూనివర్సిటీ 32, బాస్టన్ కాలేజీ 20, హార్వర్డ్ 11, నార్త్‌ఈస్టర్న్ 9. కరోనా వల్ల 2021లో జరగలేదు. బాస్టన్ యూనివర్సిటీవాళ్ళు ఎంతగా దున్నేశారంటే, ఈ పోటీని వాళ్ళు మిగతా ముగ్గురినీ భోజనానికి పిలిచి పెట్టుకునే సొంత పోటీ అని ఎగతాళి చేసేవారు. వాళ్ళ కోచ్ జాక్ పార్కర్ ఒక్కడే 21 గెలిచాడు, 40 ఏళ్ళ కోచింగ్‌లో. అంటే రెండేళ్ళకో కుండ. ఇంట్లో అటక మీద పెట్టడానికి చోటుండదు.

హార్వర్డ్‌కి 1993 తర్వాత మళ్ళీ 2017లో గానీ దక్కలేదు. ఖజానాలో డబ్బుంటే సరిపోదండీ. హార్వర్డ్ ఉన్న ఐవీ లీగ్ అనే పాత యూనివర్సిటీల కూటమిలో ఆట బాగా ఆడతాడని స్కాలర్‌షిప్ ఇవ్వరు, ఇంటి ఆర్థిక పరిస్థితిని బట్టే సాయం. పక్క వీధిలో బాస్టన్ యూనివర్సిటీ పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తానంటుంటే కుర్రాడు ఎటు పోతాడు? పైగా హార్వర్డ్ సీజన్ మిగతావాళ్ళకన్నా ఆలస్యంగా మొదలవుతుంది, ఆటలూ తక్కువే. చదువు ముందు అనే పద్ధతికి కట్టిన పన్ను అది. నన్నడిగితే ఆ పన్ను కట్టడం తప్పేం కాదు, కానీ ఫిబ్రవరిలో హార్వర్డ్ కుర్రాళ్ళని అడిగితే వేరే జవాబొస్తుంది.

అలాగని పెద్ద ఆటగాడుంటే గెలుపు ఖాయమనీ లేదు. 2024లో బాస్టన్ యూనివర్సిటీకి మాక్లిన్ సెలెబ్రీనీ ఆడాడు. ఆ ఏడాది జూన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ హాకీ లీగ్ జట్లు కుర్రాళ్ళని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైంది అతనే. ఫైనల్లో మాత్రం నార్త్‌ఈస్టర్న్ ఓవర్‌టైమ్‌లో 4-3తో గెలిచింది, గోల్ కొట్టినవాడు గన్నర్‌వుల్ఫ్ ఫాంటేన్. ఒక్కటే ఏడాది ఆడి ప్రొఫెషనల్‌కి వెళ్ళిపోయాడు సెలెబ్రీనీ, కుండ ముట్టుకోకుండానే.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, ఇక్కడ ఐస్ హాకీ నేర్చుకుంటోంది. ఈ పోటీలో ఆడపిల్లలకి చోటుందా, లేక అంతా మగపిల్లలదేనా?
— ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సస్

ఉందండీ, 1979 నుంచీ ఉంది. అవే నాలుగు కాలేజీలు. కానీ చాలా ఏళ్ళు మగపిల్లలకి పెద్ద స్టేడియం, ఆడపిల్లలకి కాలేజీ ఆవరణలోని చిన్న రింకు. ఆ వేర్పాటు నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. మొత్తానికి 2024 జనవరిలో తొలిసారి వాళ్ళ ఫైనల్ టీడీ గార్డెన్‌లో పెట్టారు. పదివేల మందికి పైగా జనం వచ్చారు. నార్త్‌ఈస్టర్న్ 2-1తో బాస్టన్ యూనివర్సిటీని ఓవర్‌టైమ్‌లో ఓడించింది. జనం రారనేవాళ్ళు 45 ఏళ్ళు పట్టుకుని వేలాడిన సాకు ఒక్క రాత్రికి ఊడిపోయింది. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన కెండల్ కోయిన్ నార్త్‌ఈస్టర్న్ అమ్మాయే, ఏంజెలా రుజీరో హార్వర్డ్ అమ్మాయి. మీ పాపకి స్కేట్లు ఏడాదికోసారి చిన్నవైపోతాయి, కొత్తవి కొనకండి, పెద్ద పిల్లలు వదిలేసినవి అడిగి తీసుకోండి. ఈ సలహా బాస్టన్‌లో ఒక పంజాబీ తల్లి ఇచ్చింది.

మన పిల్లలెవరూ ఆడని ఆటకి, మనకి సంబంధం లేని ఊరి పోటీకి పేజీ మొత్తం తగలేస్తారా? కబడ్డీ గురించి రాయండి.
— ఒక పాత చందాదారు, రాజమండ్రి

కబడ్డీ గురించి పోయినేడాది రెండు పేజీలు రాశాను, అప్పుడు మీరు క్రికెట్ గురించి రాయమన్నారు. మన పిల్లలు ఆడరన్నది కూడా పూర్తిగా నిజం కాదు, తెలుగు పిల్లలు కాకపోవచ్చు గానీ లద్దాఖ్‌లో గడ్డకట్టిన చెరువుల మీద ఆడతారు. 2025లో మన మహిళల జట్టు ఆసియా కప్‌లో కంచు పతకం తెచ్చింది, జట్టులో ఎక్కువమంది లద్దాఖ్ అమ్మాయిలే. దాని మీద ఒక పేజీ బాకీ ఉన్నాను, తిట్టినా రాస్తాను.

ఇక్కడ ఇండియాలో ఫైనల్ ఎన్నింటికి పడుతుంది? మా అబ్బాయి స్టాండ్స్‌లో కనపడతాడేమో చూద్దామని.
— మళ్ళీ నరసరావుపేట నుంచే, ఆ తల్లే

అక్కడ సోమవారం రాత్రి సుమారు ఏడున్నర, ఎనిమిదికి మొదలవుతుందమ్మా. ఫిబ్రవరిలో మనం వాళ్ళకన్నా పదిన్నర గంటలు ముందు, కాబట్టి మీకు మంగళవారం పొద్దున్న ఆరు, ఆరున్నర. మూడో స్థానం ఆట అయితే తెల్లవారుజామున మూడు ప్రాంతం, దానికి లేవకండి. నార్త్‌ఈస్టర్న్ పిల్లలు ఎరుపు, నలుపు వేసుకుంటారు, బాస్టన్ యూనివర్సిటీవాళ్ళు ఎరుపు, తెలుపు. మీ అబ్బాయిది ఏ కాలేజీయో మీరు రాయలేదు. బాస్టన్ కాలేజీ అయితే మెరూన్ రంగు గుంపులో వెతకండి.